చక్కెర ఉంది, ఫాస్ఫేటు లేదు: ఎర్రగా పోసిన ఒక ఈనిన బర్రె కేసు

ఈనిన రెండు మూడు వారాలకు బర్రె కాఫీ రంగులో మూత్రం పోస్తే సోడియం యాసిడ్ ఫాస్ఫేటు ఇవ్వాలని పశువైద్యం చదివినవాళ్లందరికీ తెలుసు. అది ఎందుకు పనిచేస్తుందో మాత్రం పరీక్ష రాసిన మర్నాడే మరిచిపోతాం. మరిచిపోతే నష్టం ఏమిటంటే, ఆ మందు చుట్టూ తీసుకోవాల్సిన మిగతా నిర్ణయాలన్నీ అలవాటు మీద పోతాయి. డెక్స్‌ట్రోజ్ (గ్లూకోజు) సీసా పెట్టాలా, రక్తం ముందా ఫాస్ఫేటు ముందా, నొప్పి సూది వెయ్యొచ్చా, దాణాలో ఏం మార్చాలి? వీటికి జవాబు కణం తన శక్తిని ఎలా తయారు చేసుకుంటుంది, ఆ శక్తితో లవణాలను లోపలికీ బయటికీ ఎలా నడుపుతుంది అన్న దగ్గరే దొరుకుతుంది. అందుకే ఈ కేసు వివరంగా రాస్తున్నాను. ఊరు, మనుషులు గుర్తుపట్టే వివరాలు తీసేశాను. మోతాదులు పశువైద్యుల కోసం రాసినవి, రైతులు సొంతంగా వాడకూడదు.

నేపథ్యం

వరంగల్ చుట్టుపక్కల కాకతీయ కాలువ నీళ్లు పారే ఒక మండలం. యాసంగి కోతలు అయిపోయి, కొనుగోలు కేంద్రాల్లో వడ్లు కుప్పలు పోసి ఉన్న ఎండాకాలం. ఆ ఇంట్లో రెండు గ్రేడెడ్ ముర్రా బర్రెలు. ఒకటి నాలుగో ఈత, ఈని మూడు వారాలు దాటింది, పూటకు నాలుగున్నర లీటర్ల చొప్పున రోజుకు తొమ్మిది లీటర్లు ఇస్తోంది. రెండోది ఎనిమిదో నెల చూడిది. మేత పూర్తిగా ఎండు వరిగడ్డి. పచ్చిమేత లేదు, జొన్న చొప్ప లేదు. చుట్టూ వరి తప్ప వేరే పైరు లేని ఊళ్లో ఎండాకాలం అంతకన్నా ఏం దొరుకుతుంది?

దాణా సంగతి మొదటి రోజు ఎవరూ చెప్పలేదు, నేను అడిగాకే బయటపడింది. ఈతకు ముందు దాకా పూటకు కిలో తవుడు కుడితిలో కలిపేవాళ్లు. ధర పెరిగిందని, పైగా బాలింత బర్రెకు బలం రావాలని, ఈనిన మర్నాటి నుంచి తవుడు మానేసి మక్క పిండి, బెల్లం పెట్టడం మొదలుపెట్టారు. ఇంటావిడ ఎంతో ప్రేమగా చెప్పింది: "బెల్లం తక్కువ చెయ్యలే సారూ, మా పిల్లలకు దాసుకున్నది గూడ దానికే పెట్టిన." ఈ ఒక్క మాటలో కేసు సగం ఉంది. అక్కడికి తర్వాత వస్తాను.

ఇబ్బంది ఎలా మొదలైంది

మొదట పాలు తగ్గాయి. ఆ తర్వాత మూత్రం రంగు మారింది. "ఎర్రగ పోస్తాంది సారూ, టీ డికాషన్ లెక్కున్నది" అని ఫోన్‌లో చెప్పేనాటికి ఊళ్లో మొదట చూసినాయన రెండు రోజులుగా వైద్యం చేస్తున్నారు. బర్రె ఒంటి మీద గోమార్లు ఉన్నాయి, మూత్రం ఎర్రగా ఉంది కాబట్టి బబేసియా (గోమార్ల ద్వారా వచ్చే, ఎర్రకణాలను పగలగొట్టే పరాన్నజీవి జబ్బు) అనుకుని దాని మందు డైమినజీన్ సూది వేశారు. ఎండాకాలంలో ఈ ప్రాంతంలో అది తప్పుపట్టాల్సిన ఊహేం కాదు. దానితోపాటు ఆక్సీటెట్రాసైక్లిన్, బలానికని సేంద్రియ ఫాస్ఫరస్ సూది, నీరసానికని డెక్స్‌ట్రోజ్ సీసాలు నడిచాయి. మూత్రం మాత్రం ఇంకా నల్లబడింది.

నేను వెళ్లేసరికి బర్రె నిలబడే ఉంది కానీ మెడ వాల్చేసింది. కనురెప్ప తిప్పి చూస్తే లోపలి పొర కాగితంలా తెల్లగా ఉంది, అంచుల్లో కాస్త పసుపు. నాడి నిమిషానికి 104. మెడ పక్కన రక్తనాళం కొట్టుకోవడం దూరం నుంచే కనిపిస్తోంది. పేడ గట్టిగా, ముక్కుతూ వేస్తోంది. జ్వరం 101.4 డిగ్రీలు, అంటే లేనట్టే.

జ్వరం లేకపోవడమే నన్ను బబేసియా నుంచి పక్కకు నడిపించింది. ఆ జబ్బు ఈ దశలో ఉంటే 104కు తగ్గకుండా కాలిపోతుంటుంది. పైగా సరైన మందు పడి రెండు రోజులైనా చలనం లేదు.

మూత్రాన్ని ఖాళీ నీళ్ల సీసాలో పట్టించి కొట్టం గోడ మీద పెట్టాను. మిగతా పరీక్షలు చేస్తూ గంట తర్వాత చూస్తే అడుగున ఏమీ పేరుకోలేదు, పైనుంచి కిందిదాకా ఒకే రంగు. రక్తమే పడుతుంటే ఎర్రకణాలు అడుగుకు దిగి పైన తేట వచ్చేది. ఇది కణాలు పగిలి బయటపడిన హిమోగ్లోబిన్. కండరాల నుంచి వచ్చే మయోగ్లోబిన్ కూడా ఇలాగే కనిపించొచ్చు కానీ అప్పుడు రక్తంలోని సీరం (గడ్డకట్టాక పైన మిగిలే ద్రవం) తేటగా ఉంటుంది. ఈ బర్రె సీరం గులాబీ రంగులో ఉంది. రక్తనాళాల్లోనే కణాలు పగులుతున్నాయని తేలింది.

మిగతా కారణాలు త్వరగానే పక్కకు పోయాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్ ఆకులు, ఉల్లి వ్యర్థాలు మేపలేదు. గాజు పలక మీద పూసి చూసిన రక్తంలో (స్మియర్‌లో) పరాన్నజీవులు కనిపించలేదు. మందు పడ్డాక స్మియర్ శుభ్రంగా ఉండటానికి పెద్ద విలువ లేదు కానీ మిగతా లక్షణాలతో కలిపి చూస్తే సరిపోయింది. మూత్రం ఎర్రబడే ఇంకో జబ్బు తెచ్చే బ్యాక్టీరియా లెప్టోస్పైరాకు టెట్రాసైక్లిన్ ఎలాగూ పడింది. ఎక్కువ పాలిచ్చే బర్రె, మూడు నుంచి ఆరు ఈతల మధ్య, ఈనిన నెలలోపు, జ్వరం లేదు, వరిగడ్డి మేత. ఇన్ని కలిసి వచ్చేది ఫాస్ఫరస్ లోపం దగ్గరికే.

రక్తం మెడ నుంచి కాదు, తోక నుంచి

ఫాస్ఫరస్ చూడటానికి రక్తం తోక నాళం నుంచి తీశాను. నెమరువేసే జంతువుల లాలాజల గ్రంథులు రక్తంలోంచి ఫాస్ఫేటును లాగి లాలాజలంలోకి పంపుతుంటాయి. పెద్ద పశువు రోజుకు 100 లీటర్లకు పైగా లాలాజలం ఊరుస్తుంది, పెద్ద పొట్టలో పుట్టే ఆమ్లాన్ని సర్దేవాటిలో ఆ ఫాస్ఫేటు ఒకటి. ఆ గ్రంథులను దాటి తిరిగొచ్చే రక్తం మెడ నాళంలోకి చేరుతుంది కాబట్టి అక్కడ ఫాస్ఫరస్ కాస్త తక్కువ కనిపిస్తుంది. తోకలో ఆ తేడా ఉండదు.

సీరం వెంటనే వేరుచేసి హనుమకొండలో మనుషుల రక్తపరీక్షలు చేసే ల్యాబ్‌కు పంపించాను. ఫాస్ఫరస్ డెసిలీటరుకు 1.2 మిల్లీగ్రాములు వచ్చింది, ఉండాల్సింది 4 నుంచి 8. హిమోగ్లోబిన్ 4.6 గ్రాములు. ఇక్కడ ఒక చిన్న తర్కం ఉంది. ఎర్రకణాల లోపల ఫాస్ఫేటు ఎక్కువ. కణాలు పగిలిన సీరంలో అది చేరి కొలత ఎక్కువ రావాలి. పగిలిన తర్వాత కూడా 1.2 అంటే అసలు లోపం అంతకన్నా లోతైనదే.

ఫాస్ఫేటును మాలిబ్డేట్‌తో కలిపి రంగు తెప్పించి కొలిచే పద్ధతిని 1925లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్కేతో కలిసి రూపొందించింది భీమవరంలో పుట్టిన ఎల్లాప్రగడ సుబ్బారావు. ఆ కొలత చేతిలో ఉండబట్టే వాళ్లిద్దరూ 1927లో కండరంలో శక్తిని నిలవ ఉంచే ఫాస్ఫోక్రియాటిన్‌ను, 1929లో కణం తన పనులకు ఖర్చు పెట్టుకునే శక్తి అణువు ఏటీపీని గుర్తించగలిగారు. జర్మనీలో కార్ల్ లోమన్ కూడా విడిగా అదే ఏడాది ఏటీపీని కనుగొన్నారు. ఈ బర్రె రక్తంలో ఏది తక్కువైందో, అది తక్కువైతే ఏది ఆగిపోతుందో, రెండింటి చరిత్రా ఒకే గదిలో మొదలైంది. ల్యాబ్ రిపోర్టులో ఫాస్ఫరస్ అంకె చూసినప్పుడల్లా ఆయన పేరు తలుచుకోవడం నాకు అలవాటు.

కణం ఎందుకు పగిలింది

ఎర్రకణానికి మైటోకాండ్రియా, అంటే ఆక్సిజన్‌తో శక్తి తయారుచేసే భాగాలు, ఉండవు. తను మోసే ఆక్సిజన్‌ను తను వాడుకోదు. గ్లూకోజును ఆక్సిజన్ లేకుండా విరగ్గొట్టి, ఒక్కో గ్లూకోజుకు నికరంగా రెండు ఏటీపీలు మిగుల్చుకుంటుంది. మైటోకాండ్రియా ఉన్న కణానికి అదే గ్లూకోజు నుంచి 30 దాకా వస్తాయి. అంటే ఎర్రకణం మొదటినుంచీ బొటాబొటీ సంపాదనతో బతికే కణం. ఆ విరగ్గొట్టే దారి మధ్యలో, గ్లిసరాల్డిహైడ్ ఫాస్ఫేటు దగ్గర, రక్తం నుంచి వచ్చిన ఫాస్ఫేటు ఒకటి వచ్చి అతుక్కోవాలి. అది లేకపోతే గ్లూకోజు ఎంతున్నా పని అక్కడే ఆగుతుంది.

రైతుకు నేను చెప్పింది ఇలా: కొనుగోలు కేంద్రంలో వడ్లు గుట్టలుగా ఉన్నాయి, గన్నీ సంచులు రాలేదు. వడ్లు ఎన్ని తెచ్చి పోస్తే ఏం లాభం, లారీ కదలదు కదా. గ్లూకోజు వడ్లు, ఫాస్ఫేటు సంచి. ఆయన వెంటనే అన్నాడు, "అంటే మేం మక్కపిండి, బెల్లం పెట్టుడు గూడ వడ్లు పోసుడేనా?" అవును, అదే.

ఏటీపీ తగ్గితే కణం అంచున ఉండే పంపులు నెమ్మదిస్తాయి. సోడియం పొటాషియం పంపు ఒక ఏటీపీ ఖర్చు పెట్టి మూడు సోడియంలను బయటికి తోసి రెండు పొటాషియంలను లోపలికి తెస్తుంది. డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ దీన్ని 1957లో గుర్తించారు, 1997లో రసాయనశాస్త్ర నోబెల్ అందుకున్నారు. ఈ పంపు ఆగితే సోడియం లోపల పేరుకుంటుంది, దాని వెంట నీళ్లు వస్తాయి, కణం ఉబ్బుతుంది. పుస్తకాల్లో కథ ఇక్కడితో ముగుస్తుంది. పశువుల విషయంలో నేను ఇంకొంచెం జాగ్రత్తగా చెబుతాను. ఆవుల్లో ఎక్కువవాటి ఎర్రకణాల్లో పొటాషియం తక్కువ, సోడియం ఎక్కువ. మనిషి కణంతో పోలిస్తే అక్కడ ఈ పంపు బలహీనం. కాబట్టి నెమరువేసే జంతువులో నష్టమంతా దీని మీదే వెయ్యలేం. కాల్షియం పంపును కూడా లెక్కలోకి తీసుకోవాలి. కణం లోపల ఉండే స్వేచ్ఛా కాల్షియం బయటి దానిలో పది వేల వంతు. ఆ తేడాను నిలబెట్టడానికి ఏటీపీ నిరంతరం ఖర్చవుతుంది. అది ఆగి కాల్షియం లోపలికి జారితే, కణం పొర సాగే గుణం పోగొట్టుకుని గుండ్రంగా, బిరుసుగా మారుతుంది. సన్నని నాళంలోంచి వంగి పోవాల్సిన కణం వంగలేక పగులుతుంది. ఆక్సీకరణ నుంచి కాపాడే గ్లూటాథయోన్ తయారీకి కూడా ఏటీపీ కావాలి. ఒక్క సరుకు లేకపోయేసరికి కణం నలువైపులా కుంగింది.

ఏవి పనిచెయ్యలేదు, ఎందుకు

డైమినజీన్ సంగతి చెప్పాను. సేంద్రియ ఫాస్ఫరస్ సూది గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే "ఫాస్ఫరస్ ఇచ్చేశాం" అన్న ధీమా దానివల్లే వస్తుంది. మామూలుగా వేసే 20 మిల్లీలీటర్లలో ఉండే ఫాస్ఫరస్ దాదాపు అర గ్రామే. అదీ కార్బన్‌కు అతుక్కుని ఉన్న రూపం, కణం దాన్ని ఫాస్ఫేటుగా వాడుకోలేదు. కాల్షియం సీసాల్లో కలిపే హైపోఫాస్ఫైటు కూడా ఇంతే. సీసా మీద పేరు ఫాస్ఫరసే, గ్లిసరాల్డిహైడ్ దగ్గర పనికొచ్చేది మాత్రం ఫాస్ఫేటు ఒక్కటే.

డెక్స్‌ట్రోజ్ గురించి నా అభిప్రాయం గట్టిది. గ్లూకోజు నాళంలోకి పడగానే ఇన్సులిన్ లేస్తుంది. కండరం, కాలేయం గ్లూకోజును లాక్కుంటాయి, లాక్కుంటూ దానికి అతికించడానికి రక్తంలోని ఫాస్ఫేటును కూడా తీసుకెళ్తాయి. అప్పటికే అడుగంటిన ఫాస్ఫరస్ ఇంకా దిగుతుంది. ఇన్సులిన్ మాట వినని ఎర్రకణం చేతికి ఏమీ అందదు. జబ్బు తన దారిలో ముదిరే రోజులవి కాబట్టి మూత్రం నల్లబడటానికి నెపం మొత్తం సీసాల మీద వెయ్యను. అయినా ఈ జబ్బు అనుమానం ఉన్నచోట ఫాస్ఫేటు పడకముందు డెక్స్‌ట్రోజ్ పెట్టడాన్ని నేను ఒప్పుకోను. ఈ బర్రె రక్తంలో గ్లూకోజు 62 ఉంది, కీటోసిస్ (ఈనిన పశువులో గ్లూకోజు తగ్గి వచ్చే జబ్బు) భయం కూడా లేదు. ఆపేయించాను.

ఏం చేశాను

సోడియం యాసిడ్ ఫాస్ఫేటు తయారు సీసాలుగా ఆ పూట దొరకలేదు. వరంగల్‌లో ప్రయోగశాల రసాయనాలు అమ్మే దుకాణం నుంచి శుద్ధమైన పొడి తెప్పించాను. డబ్బా మీద మోనోబేసిక్ (సోడియం యాసిడ్ ఫాస్ఫేటుకు రసాయన పేరులోని మాట) అని ఉందో లేదో స్వయంగా చదివాను. ట్రైసోడియం ఫాస్ఫేటు ఘాటైన క్షారం, నాళంలోకి పోతే ప్రాణం తీస్తుంది. డబ్బాలు చూస్తే ఒకేలా ఉంటాయి. 60 గ్రాములను 300 మిల్లీలీటర్ల స్టెరైల్ నీళ్లలో కరిగించి, వడగట్టి, మరిగించి చల్లార్చి, నార్మల్ సెలైన్‌లో పలచన చేసి నెమ్మదిగా ఎక్కించాను. ఆ పొడి రెండు నీటి అణువులున్న రకం. 60 గ్రాముల్లో దాదాపు 12 గ్రాముల ఫాస్ఫరస్ ఉంటుంది. పైన చెప్పిన అర గ్రాముతో పోల్చి చూడండి.

నెమ్మదిగా ఎందుకంటే, ఫాస్ఫేటు ఒక్కసారిగా పడితే రక్తంలోని కాల్షియంను పట్టేసుకుంటుంది, వణుకు వస్తుంది, గుండె తడబడుతుంది. ఒక చెయ్యి గుండె దగ్గరే పెట్టుకుని ఎక్కించాను. కాల్షియం సీసా పక్కన సిద్ధంగా పెట్టుకున్నా, రెండూ ఒకే గొట్టంలో కలవనివ్వలేదు, కలిస్తే తెల్లగా విరిగిపోతాయి. తర్వాత 12 గంటలకొకసారి చర్మం కింద అదే మోతాదు పలుచోట్ల పంచి వేశాం, నోటి ద్వారా కూడా రోజూ ఇచ్చాం. విటమిన్ సి కూడా వేశాను.

మర్నాడు పొద్దున మూత్రం రంగు ఒక మెట్టు దిగింది, నల్ల కాఫీ నుంచి ముదురు టీకి. కణాలు పగలడం తగ్గుతోంది. కానీ బర్రె లేవడానికి తడబడింది, నాడి 116కు పోయింది. హిమోగ్లోబిన్ 3.6.

ఇక్కడ ఆలోచన మారాలి. ఎర్రకణంలో కొరత ఫాస్ఫేటుది. గుండె, మూత్రపిండం వేరే లెక్క. అవి మైటోకాండ్రియా నిండిన కణాలు, వాటి ఏటీపీ ఆక్సిజన్ మీద ఆధారపడింది. మోసుకొచ్చే ఎర్రకణాలే లేనప్పుడు వాటి పంపులు ఆక్సిజన్ లేక ఆగుతాయి. మూత్రపిండం విషయం మరీ సున్నితం. అది వాడే ఆక్సిజన్‌లో అధికభాగం వడగట్టిన సోడియంను తిరిగి రక్తంలోకి చేర్చడానికే పోతుంది. వడపోత మొదట్లోనే ఉండే నాళిక కణాలకు ఆక్సిజన్ లేకుండా శక్తి తయారుచేసుకునే సామర్థ్యం చాలా తక్కువ. అలాంటి కణాల మీదికి ఒకపక్క ఆక్సిజన్ కరువు, ఇంకోపక్క హిమోగ్లోబిన్ వరద. నొప్పి సూదులు మూత్రపిండానికి రక్తం తగ్గిస్తాయి కాబట్టి ముందురోజే వద్దన్నాను. ఒంట్లో నీళ్లు తగ్గకుండా సెలైన్ నడిపించాను.

రక్తం ముందురోజే ఎందుకు ఎక్కించలేదని ఇంటాయన అడిగారు, అడగాల్సిన ప్రశ్నే. ఫాస్ఫరస్ 1.2 ఉన్న రక్తంలోకి దాత కణాలు పోస్తే అవీ ఆ కరువులోనే బతకాలి, అవీ పగలొచ్చు. పగిలిన ప్రతి కణం మూత్రపిండానికి మరింత భారం. ముందు ఫాస్ఫేటు ఎక్కి, కొత్తవి నిలబడే పరిస్థితి వచ్చాకే దాత రక్తానికి అర్థం. బర్రె మొదటిరోజే పడిపోయి ఉంటే రెండూ ఒకేసారి చేసేవాణ్ని.

వాళ్ల బంధువుల ఇంట్లో వట్టిపోయిన ఆరోగ్యమైన బర్రె ఉంది. రక్తం గడ్డకట్టకుండా సిట్రేట్ వేసిన సీసాల్లోకి నాలుగు లీటర్ల రక్తం తీసి ఎక్కించాం. మొదటి పావుగంట చుక్కలు చుక్కలుగా వదిలి, వణుకు, ఎగశ్వాస లేవని చూసుకున్నాకే వేగం పెంచాం. సాయంత్రానికి నాడి 88కి దిగింది. బర్రె గడ్డిపోచ నోట పట్టింది. ఆ రాత్రి నెమరు వేసిందని ఇంటావిడ ఫోన్ చేసింది. నెమరు వేస్తే లాలాజలం ఊరుతుంది, లాలాజలంతో ఫాస్ఫేటు మళ్లీ పొట్టలోకి తిరుగుతుంది. నాకు అది ల్యాబ్ రిపోర్టుతో సమానమైన మాట.

మూడోనాటికి మూత్రం లేత పసుపు. ఫాస్ఫరస్ 4.8. పాలు రెండు లీటర్ల దాకా పడిపోయినవి నెల తిరిగేసరికి ఆరుకు చేరాయి. తొమ్మిదికి ఆ ఈతలో మళ్లీ రాలేదు.

దాణా లెక్క

లీటరు పాలతో సుమారు గ్రాము ఫాస్ఫరస్ బయటికి పోతుంది. తొమ్మిది లీటర్లంటే తొమ్మిది గ్రాములు, అది పాలకే. తన ఒంటికి కావాల్సింది వేరు. వరిగడ్డిలో ఫాస్ఫరస్ కిలోకు గ్రాము కూడా సరిగా ఉండదు, ఉన్నదంతా ఒంటపట్టదు. తవుడులో కిలోకు 13 గ్రాములకు పైనే. అందులో చాలామటుకు ఫైటేటు రూపంలో ఉంటుంది. కోడికి అది అంతగా అందదు, బర్రె పొట్టలోని సూక్ష్మజీవులు మాత్రం దాన్ని విడగొట్టి ఇస్తాయి. మక్కల్లో కిలోకు మూడు గ్రాములు. బెల్లంలో లేదనే చెప్పాలి. రోజుకు రెండు కిలోల తవుడు తీసేసి మక్క పిండి పెట్టడమంటే, పాలు ఎక్కువ కారే రోజుల్లోనే 20 గ్రాముల ఫాస్ఫరస్ కోసేసి, దాని జాగాలో పిండిపదార్థం నింపడం. దాణాలో జరిగిందీ సీసాల్లో జరిగిందీ ఒకటే.

అందుకని దాణా నేనే కూర్చుని రాసిచ్చాను. తవుడు ధర ఎక్కువనిపిస్తే నూనె తీసిన తవుడు తెచ్చుకోమన్నాను. నూనె పోతుంది కానీ ఫాస్ఫరస్ పోదు. కిలో పత్తి చెక్క. మక్క పిండి మానక్కర్లేదు, తగ్గిస్తే చాలు. రోజుకు 60 గ్రాముల డైకాల్షియం ఫాస్ఫేటు, అందులో దాదాపు 11 గ్రాముల ఫాస్ఫరస్ ఉంటుంది.

అదే కొట్టంలోని చూడి బర్రెకు కూడా తోక నుంచి రక్తం తీయించాను. పైకి ఏ లక్షణమూ లేదు, బాగా తింటోంది, ఫాస్ఫరస్ మాత్రం 2.9. బర్రెల్లో ఈ జబ్బు చూడి చివరి నెలల్లో కూడా వస్తుంది, కాబట్టి ఈతదాకా ఆగలేదు, ఆ రోజే దాణా మార్పించాను. అది మామూలుగా ఈనింది. ఈనిన మర్నాటి నుంచి బెల్లం నీళ్లు పెడతామంటే వద్దనలేదు, కుడితిలో తవుడు మాత్రం ఒక్క పూట కూడా ఆపొద్దని అత్తకూ కోడలికీ ఇద్దరికీ విడివిడిగా చెప్పి వచ్చాను.